తితిక్ష ఎవరి వంతు?

గుడిలో దేవుడి ముందు నిలబడిన మనిషికి ఏ ఇంద్రియమూ ఖాళీగా ఉండదు. చెవికి గంట, కంటికి హారతి, ముక్కుకి సాంబ్రాణి, నాలుకకి తీర్థం, నెత్తిన శఠగోపం, అరికాళ్ల కింద తడిసిన బండలు, వెనకనుంచి తోసే జనం. షోడశోపచారాల్లో గంధ పుష్ప ధూప దీప నైవేద్యాలను వరసగా తలుచుకుంటే, మన పూజ పంచేంద్రియాలనూ ఒక్కసారే పిలిచి పనిలో పెడుతుందని తెలిసిపోతుంది. ఆ పిలుపులో పెద్ద బలం ఉంది. మార్కాపురం లక్ష్మీచెన్నకేశవుడి తేరు కదిలేటప్పుడు చూసినవాళ్లకూ, శివరాత్రినాడు త్రిపురాంతకం కొండ ఎక్కే జనంలో కలిసి నడిచినవాళ్లకూ ఆ బలం ఎలాంటిదో ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే అదే తేరు ముందు, అదే మేళంలో, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, అమ్మ చీర కుచ్చిళ్లలో తల దూర్చి గుక్కపట్టే పిల్లలు కొందరుంటారు. వాళ్లను ఏం చెయ్యాలన్నది పైకి డాక్టర్లు తేల్చాల్సిన విషయంలా కనిపిస్తుంది. నా లెక్కలో అందులో సగం ధర్మశాస్త్రం తేల్చాల్సింది: అక్కడ ఓర్చుకోవలసింది ఎవరు?

వైద్యం వైపు నుంచి తెలిసిందేమిటో ముందు చెప్పుకుందాం. చప్పుడు, వెలుగు, స్పర్శ, వాసన, కదలిక – వీటిని ఒళ్లు అందుకునే తీరూ మెదడు సర్దుకునే తీరూ అందరిలో ఒకలా ఉండవు. కొందరు పిల్లలకు మిక్సీ చప్పుడో, చొక్కా కాలరు వెనక లేబులో, తలకు నూనె రాసే చెయ్యో, వేళ్లకు అంటుకునే అన్నం మెతుకో భరించరానిదవుతుంది. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు. ఎంత తగిలినా వాళ్లకు చాలదు, గోడలకు గుద్దుకుంటారు, గిరగిరా తిరుగుతూనే ఉంటారు. మార్కాపురం పలకల ఊరు గనక ఇక్కడివాళ్లకు మొదటి రకం పిల్లల బాధను అర్థం చేయించడం తేలిక. కొత్త బలపం మొన పలక మీద కీచుమని గీరుకుంటే ఒళ్లు జలదరించి పళ్లు జివ్వుమంటాయి. ఆ క్షణంలో దాన్ని ఓర్చుకోవాలా వద్దా అని ఎవరూ ఆలోచించరు. చెయ్యి దానంతటదే చెవి మీదికి పోతుంది. ఆ కీచు బడిలో, బస్సులో, పెళ్లిపందిట్లో, గుడిలో రోజంతా వదలకుండా వెంటపడితే మనిషి ఎలా ఉంటాడో ఆ పిల్లవాడు అలా ఉంటాడు.

దీనికి పేరుపెట్టి, ఇంద్రియ సమన్వయమన్న సిద్ధాంతం కట్టిన మనిషి అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, మనస్తత్వ శాస్త్రజ్ఞురాలిగా పనిచేసిన జీన్ ఏయర్స్. ఆమె ముఖ్య గ్రంథం 1972లో వచ్చింది. ఆమె సిద్ధాంతం అంతా నిలబడిందని చెప్పలేం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఒక ప్రకటన చేస్తూ, దీన్ని విడి జబ్బుగా రాయవద్దని తన వైద్యులకు సూచించింది. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా మనోరోగ వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పు కూడా దీనికి విడి గది ఇవ్వలేదు, కాని ఆటిజం లక్షణాల్లో ఇంద్రియాల అతిస్పందననూ అల్పస్పందననూ చేర్చింది. ఇదంతా కొత్తగా పుట్టించిన పేరేనని కొట్టిపారేసేవాళ్లకు ఇక్కడ కొంత ఆధారం దొరుకుతుంది, ఒప్పుకోవాలి. పేరు మీద తగవు తెగకపోయినంత మాత్రాన బాధ అబద్ధమైపోదు. ఇంద్రియానికీ విషయానికీ కలిగే సన్నికర్షం నుంచి పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమన్నారు నైయాయికులు. మేళం పిల్లవాడి చెవికి ఎలా తగిలిందన్నది వాడికే ప్రత్యక్షం. అంత పెద్ద చప్పుడేం కాదే అనే పెద్దమనిషి తన చెవికి తెలిసింది చెబుతున్నాడు గాని వాడి చెవికి తెలిసింది కాదు.

ఇలాంటి పిల్లవాడి మీద ఊరి తీర్పు మామూలుగా మొండిఘటమనో, గారాబం చేసి చెడగొట్టారనో ఉంటుంది. కాస్త భయం ఉన్న ఇళ్లలో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు, దర్గాకో ప్రార్థన కూటానికో తీసుకుపోతారు. వీటన్నిటికంటే మర్యాదగా, నాలుగు పుస్తకాలు చదివిన నోటి నుంచి వచ్చే తీర్పు ఇంకొకటి ఉంది. నా పేచీ దానితోనే. ఇంద్రియాలకు ఒకసారి లొంగితే అవి ఇంకా లొంగదీస్తాయట. నిగ్రహం చిన్ననాడే అలవడాలట. చలీ వేడీ సుఖమూ దుఃఖమూ వచ్చిపోయేవి, వాటిని ఓర్చుకొమ్మని గీతలో సాక్షాత్తూ కృష్ణుడే చెప్పాడు కదా అంటారు. వినడానికి బాగుంటుంది. శ్వాస పీల్చు, కళ్లు మూసుకో, కదలకుండా కూర్చో అని పిల్లవాడికి నేర్పే రిలాక్సేషన్ తరగతులను సమర్థించేవాళ్లలో కూడా చాలామంది తెలిసో తెలియకో ఈ తర్కం మీదే నిలబడతారు.

గీత ఆ మాట చెప్పిందన్నది నిజం. ఎవరికి చెప్పిందో కూడా చూడాలి కదా. ఎదిగినవాడు, విలువిద్యలో ఆరితేరినవాడు, నేను నీ శిష్యుణ్ణి, నాకు చెప్పు అని తానుగా అడిగినవాడు విన్న మాట అది. ఓర్పుకి వేదాంతంలో తితిక్ష అని పేరు. శంకరులదని సంప్రదాయం చెప్పే వివేకచూడామణిలో అది శమదమాదులైన ఆరు సంపదల్లో ఒకటి. ఆ ఆరూ కలిసి సాధన చతుష్టయంలో మూడోది. దానికి ముందు వివేకం ఉండాలి, వైరాగ్యం ఉండాలి. నిత్యమేదో అనిత్యమేదో తేల్చుకుని, భోగం మీద మోజు తీరిన మనిషికి చెప్పిన మెట్టు అది. ఆ గ్రంథం తితిక్షకు ఇచ్చిన నిర్వచనం ఇంకా కఠినం. విరుగుడు వెతక్కుండా బాధను సహించడం ఒక్కటే చాలదు, దాని గురించి చింతా విలాపమూ కూడా ఉండకూడదు. లోపల వణుకుతూ బయటికి నోరు మూసుకున్నవాడికి తితిక్ష ఉన్నట్టు కాదు, భయం ఉన్నట్టు. ఏ శాస్త్రానికైనా అధికారి ఎవరో ముందు తేల్చాలన్నది వేదాంతుల మొదటి నియమం. అయిదేళ్ల పిల్లవాడు ఈ శాస్త్రానికి అధికారి అని ఏ వేదాంతీ అనలేదు.

ధర్మశాస్త్రాలు ఈ విషయంలో మనకంటే మెత్తగా ఉన్నాయి. ఉపనయనం కాని పిల్లవాడు ఇష్టమొచ్చినట్టు నడవవచ్చు, మాట్లాడవచ్చు, తినవచ్చు అని గౌతమ ధర్మసూత్రం బాహాటంగా వదిలేసింది. ఆ సూత్రం ఉపనయనం ఉన్న వర్ణాల మగపిల్లల గురించే మాట్లాడిందన్నది నిజం. అందులోని ఇంగితాన్ని మాత్రం ఆ గోడల మధ్యే ఉంచనక్కర్లేదు. నియమం మొయ్యగల వయసు రాకముందు నియమం మోపకూడదన్నదే ఆ ఇంగితం. ఒళ్లూ మెదడూ నియమానికి సిద్ధం కావడం కొందరిలో ఏడో ఏట జరగవచ్చు, కొందరిలో పదిహేనో ఏట, కొందరిలో ఎప్పటికీ జరగకపోవచ్చు.

ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అన్న కఠోపనిషత్తు రథాన్ని ఈ వాదనలో తరచు బయటికి తీస్తారు. అక్కడే ఇంద్రియ విషయాలను ఆ గుర్రాలు నడిచే దారులని కూడా చెప్పారన్నది ఎవరికీ గుర్తుండదు. గుర్రం బెదిరినప్పుడు తెలివైన సారథి కొరడా మీదికి చెయ్యి పోనివ్వక ముందు దారి వైపు చూస్తాడు. యోగశాస్త్రం క్రమం కూడా ఇదే చెబుతుంది. ఇంద్రియాలను విషయాలనుంచి వెనక్కి తీసుకునే ప్రత్యాహారం పతంజలి ఎనిమిది అంగాల్లో ఐదోది. దానికి రెండు మెట్ల కిందే ఆసనం ఉంది, ఆసనం స్థిరంగా ఉండాలి, సుఖంగానూ ఉండాలి అన్నాడాయన. ఒంటికి సుఖం చిక్కని మనిషిని ఇంద్రియాలను వెనక్కి లాక్కోమనడం మెట్లు వదిలేసి మేడ ఎక్కమనడమే. చెవులు మూసుకుని ముడుచుకున్న పిల్లవాడు నిజానికి తన చేతనైన ప్రత్యాహారం చేస్తూనే ఉన్నాడు. ఆ చేతులు లాగి కిందికి దించేది మనం.

అలవాటైతే అదే పోతుందిలే అన్నది ఇక్కడ అందరికంటే గట్టి అభ్యంతరం, ఎందుకంటే మనలో చాలామందికి అది నిజంగానే జరిగింది. రైలుకట్ట పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి మొదటి నెల నిద్ర పట్టదు, తర్వాత రైలు రాకపోతే మెలకువ వస్తుంది. దిగువమెట్టలోనో కంభంలోనో పట్టాల పక్కన ఉన్నవాళ్లను అడిగితే ఇదే చెబుతారు. మెదడు ఒకే చప్పుడును మళ్లీమళ్లీ విన్నప్పుడు దాని మీద స్పందన తగ్గించుకుంటూ పోవడమే అలవాటు. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షులమిత్ గ్రీన్, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ చోటే వేలు పెట్టింది. ఆటిజం ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ స్కానింగ్ యంత్రంలో ఉండగా వాహనాల రొద వినిపించారు, గరుకు ఉన్ని గుడ్డ ఒంటికి తాకించారు. ఇంద్రియాల అతిస్పందన ఉన్న పిల్లల్లో, భయాన్ని చూసుకునే ఎమిగ్డలాలోనూ ఇంద్రియ సమాచారం అందుకునే భాగాల్లోనూ స్పందన ఎక్కువగా కనిపించింది. అంతకంటే ముఖ్యం, మళ్లీమళ్లీ వినిపించినా అది మిగతా పిల్లల్లో తగ్గినట్టు తగ్గలేదు. ఆటిజం ఉండి ఈ అతిస్పందన లేని పిల్లల్లో ఈ తేడా కనిపించలేదు. ఇది చిన్న పరిశోధన, ఒక్కదానితో శాసనం రాయలేం. అయినా అది చెప్పేది సూటిగా ఉంది: ఈ పిల్లల్లో కొందరికి సరిగా జరగనిది ఆ అలవాటు పడడమే. వాళ్లను పదే పదే మేళంలోకి తోసి అలవాటు చేద్దామనుకోవడం కాలు లేనివాణ్ణి నడిపించి నడిపించి కాలు మొలిపిద్దామనుకోవడం.

మరి నెమ్మది నేర్పే థెరపీలు? ఈ మాట కింద ఇవాళ చాలా సరుకు అమ్ముడవుతోంది: బరువు దుప్పట్లు, ఒళ్లు పట్టి ఉంచే బిగుతు చొక్కాలు, ఊయలలు, మసాజ్, శ్వాస వ్యాయామాలు, కండరాలు బిగించి వదిలే పద్ధతి, రంగుదీపాలూ బుడగల గొట్టాలూ పెట్టిన చీకటి గదులు. కండరాల పద్ధతి అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో పుస్తకంగా రాసినది. దీపాల గదులు 1970లలో నెదర్లాండ్స్‌లో స్నూజలెన్ అన్న పేరుతో మొదలయ్యాయి. వీటిని పరీక్షకు పెట్టినప్పుడు వచ్చిన ఫలితాలు అమ్మేవాళ్లు చెప్పినంత గొప్పగా లేవు. ఆటిజం ఉన్న పిల్లలకు బరువు దుప్పటి కప్పి నిద్రను కొలిచిన బ్రిటన్ అధ్యయనం 2014లో వచ్చింది. మామూలు దుప్పటితో పోలిస్తే నిద్ర పెరగలేదు, కాని పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆ దుప్పటే నచ్చింది. (పసిపిల్లలకు మాత్రం బరువు దుప్పటి కప్పనే కూడదు, అది ప్రాణం మీదికి రావచ్చు.) ఏయర్స్ పద్ధతిలో ఇచ్చే ఇంద్రియ సమన్వయ చికిత్సను అమెరికాలో 32 మంది పిల్లల మీద పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనం, కుటుంబాలు ఎంచుకున్న లక్ష్యాల్లో మేలు కనిపించిందన్నది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 138 మంది మీద జరిగి 2022లో వెలువడిన పెద్ద పరీక్ష, మామూలుగా అందే సేవల కంటే దీనివల్ల అదనపు మేలు కనిపించలేదని తేల్చింది.

ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నట్టు కనిపిస్తాయి. ఎందుకు తేడా వచ్చిందో చూస్తే మన ప్రశ్నకు చాలా దగ్గరికి వస్తాం. బ్రిటన్ పరీక్షలో ప్రధానంగా కొలిచింది పిల్లవాడి చికాకు, ఆందోళన. అదీ చూసుకునేవాళ్లు చెప్పిన లెక్క ప్రకారం. అమెరికా పరీక్షలో కొలిచింది ఆ ఒక్క పిల్లవాడు ఏ పని చేయగలగాలని ఆ ఇంటివాళ్లు కోరుకున్నారో ఆ పని. చొక్కా వేసుకోగలగడం కావచ్చు, అందరితో కూర్చుని అన్నం తినగలగడం కావచ్చు. సంఖ్యల్లోనూ పద్ధతిలోనూ పెద్ద పరీక్షకే నేను ఎక్కువ విలువ ఇస్తాను, కాబట్టి ఈ చికిత్స గొప్పదని వాదించబోను. నేను అడిగేదల్లా ఇదే: నెమ్మది అంటే ఏమిటి? పిల్లవాడు అరవకపోవడమా, వాడికి సుఖంగా ఉండడమా? ఈ రెండూ ఒకటే అయిన రోజులుంటాయి, కాని ప్రతిరోజూ ఒకటి కావు. అరవకుండా కూర్చున్న పిల్లవాడు అలసిపోయి ఉండవచ్చు, ఆశ వదులుకుని ఉండవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లకు దొరికిన నిశ్శబ్దాన్ని వాడికి దొరికిన శాంతిగా రాసుకుంటే, చికిత్స ఎవరికి జరిగినట్టు?

టెంపుల్ గ్రాండిన్ కథ ఇక్కడ పనికొస్తుంది. ఆటిజం ఉన్న ఆవిడ తర్వాత పశుశాస్త్రంలో ఆచార్యురాలైంది. టీకాలు వేసేందుకు పశువును ఇరువైపులా పలకలతో అదిమి పట్టే చట్రాన్ని టీనేజీలో తన అత్త పశువుల క్షేత్రంలో చూసింది. అందులో కొన్ని పశువులు నెమ్మదించడం గమనించి తనకోసం అలాంటిదే ఒకటి కట్టుకుంది. మనిషి కావలించుకుంటే భరించలేని పిల్ల ఆ యంత్రంలో నెమ్మదించగలిగింది. రెండు చోట్లా ఉన్నది ఒత్తిడే. యంత్రం మీట మాత్రం ఆమె చేతిలో ఉండేది. ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో ఆమెదే నిర్ణయం. పైన చెప్పిన థెరపీలన్నిటిలో ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో తేలడానికి ఇంకా ఏళ్లు పట్టవచ్చు. మీట పిల్లవాడి చేతిలో ఉందా లేదా అని చూడడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.

ఇవన్నీ మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. అందులో కొంత నిజముంది. కాళ్లు చాపి బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని నూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్లు పోసి, గుడ్డలో బిగించి చుట్టి, దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వేసి ఊపే పద్ధతిలో ఒత్తిడీ కదలికా వెచ్చదనమూ చీకటీ అన్నీ ఉన్నాయి. ఫ్రెంచి వైద్యుడు లెబోయే 1976లో తెచ్చిన శాంతల పుస్తకం కలకత్తాలో ఒక తల్లి తన బిడ్డకు చేసే మర్దనాను చూసి రాసిందే. పడమటి దేశాల్లో పసిపిల్లల మసాజ్‌కి వచ్చిన మోజులో దానికి పెద్ద వంతు ఉంది. అయితే ఆ నలుగు సగటు బిడ్డను దృష్టిలో పెట్టుకున్నది. స్పర్శ కొరుకుడుపడని బిడ్డకు సున్నిపిండి గరుకు గాజుపొడిలా ఉంటుంది. ఏడుపు ఆగేదాకా రుద్దమనే అమ్మమ్మా, గంట పూర్తయ్యేదాకా ఒంటి మీద రుద్దే బ్రష్ వదలని థెరపిస్టూ ఒకే తప్పు చేస్తున్నారు. యోగా విషయంలోనూ అంతే. బెంగుళూరులో ఆటిజం పిల్లలకు యోగా నేర్పి చేసిన అధ్యయనాలు ఆశ కలిగించేవే, కాని చిన్నవి. ముప్పైమంది పిల్లల గదిలో కళ్లు మూసుకోమంటే, చప్పుడుకు బెదిరే పిల్లవాడికి ఆ చప్పుడు ఎటునుంచి వస్తుందో చూసుకునే ఒక్క ఆసరా కూడా పోతుంది.

పుట్టువెంట్రుకల సంగతే తీసుకోండి. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. కుళాయి దగ్గర పట్టిన చన్నీళ్లు తల మీద గుమ్మరిస్తే అవి మెడ మీదుగా వీపులోకి జారతాయి. మేనమామ కత్తెర పెడతాడు, చుట్టాలు నవ్వుతారు, ఫోన్లు పైకి లేస్తాయి. ఒక చెయ్యి తలను వంచి గట్టిగా పట్టుకుంటే ఇంకో చెయ్యి కత్తి నడుపుతుంది. ఎముక మీద కత్తి గీరే చప్పుడు చుట్టూ ఉన్నవాళ్లెవరికీ వినపడదు, పిల్లవాడికి పుర్రె లోపలినుంచి వినపడుతుంది. తెగిన తడి వెంట్రుకలు భుజాలకూ పెదాలకూ అంటుకుంటాయి. పక్క వరసలో ఇంకో నలుగురు పిల్లలు ఆరున్నొక్క రాగం అందుకుని ఉంటారు. అయిపోగానే గాట్లు పడిన గుండు మీద గంధం, చల్లగా, మంటగా. మామూలు పిల్లవాడు ఓ అరగంట ఏడ్చి బూరకు లొంగిపోతాడు. మనం మాట్లాడుకుంటున్న పిల్లవాడు ఆ తర్వాత నెలల తరబడి తల దువ్వనివ్వడు.

ఈ తంతును మార్చమంటే అపచారమంటారు. గృహ్యసూత్రాలు చూడండి. చౌలానికి, అంటే పుట్టువెంట్రుకలు తీసే సంస్కారానికి, వెచ్చని నీళ్లు తేవాలని, చన్నీళ్లలో కలపాలని, వాటితో జుట్టు తడిపి మెత్తబరచాలని అవి విధించాయి. వెన్నో పెరుగో వాడమన్నాయి. అక్కడి మంత్రాల్లో ఒకటి సాక్షాత్తూ ఆ కత్తినే ఉద్దేశించి ఈ బిడ్డను నొప్పించవద్దని వేడుకుంటుంది. కత్తి దేవతను బతిమాలిన సంప్రదాయమది. దానిలో బిడ్డ నొప్పి పట్ల ఉన్న జాగ్రత్త మన రద్దీలో ఎక్కడో జారిపోయింది. తెల్లవారుజామున జనం లేనప్పుడు వెళ్లడం, ముందు వారం రోజులు ఇంట్లోనే తడి తువ్వాలుతో, దువ్వెనతో ఆడించడం, గోరువెచ్చని నీళ్లు సీసాలో పట్టుకెళ్లడం, వాడు చెయ్యెత్తితే కత్తి ఆపడం, మరీ కాకపోతే ఒక్క కత్తెరతో మొక్కు చెల్లించి మిగతాది వాడు నిద్రలో ఉన్నప్పుడు ఇంట్లో చూసుకోవడం – వీటిలో ఏదీ శాస్త్రానికి ఎదురు కాదు. పూజ సంకల్పంలోనే యథాశక్తి అన్న మాట ఉంది. ఆ శక్తి ఎవరిదన్నప్పుడు ఒళ్లో కూర్చున్న బిడ్డ శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చప్పుడు తగ్గితే భక్తి తగ్గుతుందనే భయానికి మనువే జవాబు చెప్పాడు: పైకి వినపడే జపం కంటే పెదవి కదిలే జపం, దానికంటే మనసులో జపం ఎన్నో రెట్లు గొప్పదని. ఇది ఒక్క గుడి సంగతి కాదు, మసీదు మైకు, చర్చి మైకు, అయ్యప్ప భజన మైకు అన్నిటికీ కలిపి చెప్పవలసిందే. ప్రవక్త ముహమ్మద్ నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు వినపడితే, తల్లి తల్లడిల్లుతుందని నమాజును కుదించేవారని హదీసుల్లో ఉంది. పిల్లల్ని అడ్డుకున్న శిష్యుల మీద ఏసు కోప్పడ్డాడని సువార్తలో ఉంది. మద్రాసులో ఒక చర్చి లౌడ్‌స్పీకర్ల తగవు మీద 2000 సంవత్సరంలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని చెడగొట్టి మైకులతో డప్పులతో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదన్నది. పసివాళ్ల, ముసలివాళ్ల, రోగుల ప్రస్తావన కూడా తెచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు వద్దన్న నిబంధన కూడా ఆ ఏడాదిదే. అమలు ఎలా ఉందో తిరునాళ్ల రోజున ఊళ్లో ఉన్న ఎవరికైనా తెలుసు.

పూర్వజన్మ కర్మ అనుభవించక తప్పదు అనేవాళ్లకు పెద్ద జవాబు అక్కర్లేదు. కర్మ సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా, బిడ్డ ప్రారబ్ధం ఏమిటో మనకు తెలియదు; ఏడుస్తున్న బిడ్డ చేతులు చెవుల మీదినుంచి లాగడం మాత్రం మనం ఇప్పుడు చేస్తున్న కర్మ. అది ఎవరి ఖాతాలో పడుతుందో ఆ సిద్ధాంతమే చెబుతుంది.

రేపు లోకంలో బతకాలి కదా, లోకం వీడికోసం మారదు కదా అన్నది దీనికంటే గౌరవించవలసిన మాట. ఆ తల్లిదండ్రుల భయం నిజమైనది. తాము పోయాక ఎవరు చూస్తారన్న దిగులు దాని వెనక ఉంటుంది. మెల్లమెల్లగా, ముందే చెప్పి, కొద్దికొద్దిగా, వద్దన్నప్పుడు ఆపుతూ కొత్త చప్పుళ్లకూ కొత్త స్పర్శలకూ పరిచయం చెయ్యడాన్ని ఎవరూ కాదనరు. రావడం వాడి ఇష్టమై, పోవడానికి దారి తెరిచి ఉంటే గుంపులోకి కూడా కొందరు పిల్లలు వస్తారు. తేరును రోడ్డు చివర మిద్దె మీదినుంచి చూసిన పిల్లవాడు కూడా తేరు చూసినట్టే. దర్శనానికి త్రిపురాంతకం శివరాత్రే కానక్కర్లేదు; మామూలు రోజున మధ్యాహ్నం ఆ కొండ మీద చప్పుడుండదు, కింద చెరువులో ఉన్న బాలాత్రిపురసుందరి గుడి దగ్గరా ఉండదు. రాచర్ల వైపు సత్యవోలు పాత శివాలయాల్లో పగలంతా నీడ తప్ప మరొకటి దొరకదు. ఈ ప్రాంతానికి నిశ్శబ్దం కొదవలేదు, దాన్ని ఆరాధనలో భాగంగా లెక్కించడమే మిగిలింది.

నా వాదనకు అన్నిటికంటే గట్టి దెబ్బ వేరే వైపు నుంచి వస్తుంది. ఓర్పు పిల్లవాడి వంతు కాదు, పెద్దల వంతు అన్నంత మాత్రాన అది పెద్దలందరి మీదా సమంగా పడుతుందా? పడదు. తల్లి మీద పడుతుంది. వెచ్చని నీళ్లు పట్టుకెళ్లేది ఆమే, బిడ్డను ఎత్తుకుని వరసలోంచి బయటికి వచ్చేది ఆమే, పెంపకం సరిగా లేదన్న మాట పడేది ఆమే. థెరపీ కోసం పెద్ద పట్టణానికి పోవాలంటే మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకు ఇంకా దూరం, నల్లమల దాటి నంద్యాల పోవడమే వాళ్లకు దగ్గర. కిక్కిరిసిన బస్సులో ఆ ప్రయాణమే ఆ పిల్లవాడికి ఒక తిరునాళ్ల. వేదాంతి తితిక్షను మోక్షం కోరి వచ్చిన ముముక్షువుకు చెప్పాడు. మనం దాన్ని బిడ్డ నెత్తినుంచి దించి తల్లి నెత్తిన పెడితే అధికారి లేనిచోట మళ్లీ అదే పొరపాటు. ఆమె కూడా ఆ దీక్షను కోరి తీసుకోలేదు.

అందుకే ఈ ఓర్పును పంచుకోవలసినవాళ్ల పేర్లు చెప్పి అడగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ అభ్యసన లోపాలనూ తన 21 వైకల్యాల్లో చేర్చింది, మోయలేని భారం కానంతవరకు తగిన సర్దుబాట్లు చెయ్యాలన్నది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఖరీదైన దీపాల గది రాకపోయినా ఫరవాలేదు. ఒక మూల గోడకు పరుపు, ఒక గుడ్డ ఉయ్యాల, బయటి చప్పుడు రాని తలుపు, ఆ మూలకు ఎప్పుడు వెళ్లాలో పిల్లవాడే చెప్పే వీలు ఉంటే చాలు. అక్కడి టీచరు నెలకోసారి తల్లితో పాటు అత్తగారినీ తండ్రినీ కూడా కూర్చోబెట్టి మాట్లాడగలిగితే ఇంకా మేలు. ఇక ఉత్సవ కమిటీ వంతు. తేరు రోజున మైకు పెట్టెలు ఇళ్లవైపు నుంచి తిప్పి కట్టించడం, వేకువన ఒక గంట మేళం లేని దర్శనం అని బోర్డు మీద రాయించడం, కల్యాణకట్టలో గోరువెచ్చని నీళ్ల కోసం ఒక గ్యాస్ పొయ్యి పెట్టించడం. ఆ చివరి పనికి వెయ్యి రూపాయల చందా రాయడానికి మార్కాపురంలో మనుషులు దొరక్కపోరు. ముందు ఎవరో ఒకరు సమావేశంలో లేచి ఆ పొయ్యి ఎందుకో చెప్పాలి.